రాత్రి రెండు గంటలప్పుడు మీటరు చూడు

చిరంజీవి మానసకు,

మామయ్య ఆశీస్సులు. నువ్వు ఫోన్ చేసి వారం దాటింది. ఏఈగా చేరి మూడు నెలలైనా కాకముందే ఊరి నీళ్ల సరఫరాను స్మార్ట్ చేసే ప్రాజెక్టు నీకు అప్పగించారని, ట్యాంకులకు సెన్సార్లు, ఇళ్లకు స్మార్ట్ మీటర్లు, ఆఫీసులో గోడంత తెర వస్తున్నాయని చెప్పావు. "ఎక్కడ మొదలుపెట్టను మామయ్యా?" అని అడిగావు. "ముందు ఊరంతా కాలినడకన తిరుగు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాను. మీ అత్తయ్య పక్కనే ఉండి విని, పిల్ల అంత ఆశగా అడిగితే అంతేనా చెప్పేది అని కేకలేసింది. ఆవిడ అన్నదీ నిజమే. ముప్పై రెండేళ్లు నీళ్ల పనిలోనే ఉన్నవాణ్ని, నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాను? తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు.

ఈ పని నీ బల్ల మీదికి ఎక్కడి నుంచి వచ్చిందో నీకు తెలిసే ఉంటుంది. కేంద్రం 2015 జూన్ 25న స్మార్ట్ సిటీ మిషన్ మొదలుపెట్టింది, వంద నగరాలకు. 2016 జనవరిలో ప్రకటించిన మొదటి ఇరవైలోనే మన విశాఖపట్నం, కాకినాడ ఉన్నాయి. తర్వాత తిరుపతి, అమరావతి, వరంగల్, కరీంనగర్ చేరాయి. 2025 మార్చి 31న మిషన్ ముగిసేసరికి వంద నగరాల్లోనూ కమాండ్ కంట్రోల్ సెంటర్లు వెలిశాయి. ఆ జాబితాలో లేని మీలాంటి ఊళ్లు కూడా ఇప్పుడు అదే దారి పట్టాయి. స్కాడా (పంపులు, ట్యాంకుల సంగతి దూరం నుంచే తెర మీద చూసే ఏర్పాటు), జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపు), సెన్సారు అన్న మాటలు లేని ఎస్టిమేటు ఈ రోజుల్లో కనబడదు. నాకు సంతోషమే. మా కాలంలో ఈ సామాను ఉండుంటే ఎంతమంది ఆడవాళ్లకు బిందెలు మోసే బాధ తప్పించేవాళ్లమో. అందుకే ఈ పని నీ చేతిలో పాడుకాకూడదని ఇంత తపన పడుతున్నాను.

ముందు ఒక లెక్క చేద్దాం, కాగితం తీసుకో. రోజంతా నీళ్లు నిండి ఉండే మెయిన్ లైనుకు 6 మిల్లీమీటర్ల కన్నం పడిందనుకో. పెన్సిల్ మందం కూడా ఉండదు. లోపల పీడనం 20 మీటర్లు, అంటే నీళ్లను అంత ఎత్తుకు ఎక్కించగల బలం. కాలేజీలో నేర్పిన ఆరిఫైస్ సూత్రం వేసి చూడు, రోజుకు దాదాపు 29 వేల లీటర్లు వస్తుంది. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని కదా మనం డిజైన్‌లో పెట్టుకుంటాం. అంటే రెండు వందల మందికి పైగా సరిపోయే నీళ్లు ఆ ఒక్క కన్నంలోంచి నేలపాలవుతున్నాయి.

ఆ నీళ్లు ఊరికే రాలేదమ్మా. ఏటిలోంచో చెరువులోంచో తోడాం, పటిక వేసి తేర్చాం, ఫిల్టర్ బెడ్లు దాటించాం, క్లోరిన్ కలిపాం, ట్యాంకు మీదికి ఎక్కించాం. పది లక్షల లీటర్లను 50 మీటర్ల ఎత్తుకు ఎక్కించాలంటే, పంపుసెట్టు సామర్థ్యం 65 శాతం అనుకున్నా, దాదాపు 210 యూనిట్ల కరెంటు కాలుతుంది. రోజూ పది లక్షల లీటర్లు కారిపోయే ఊరు ఏడాదికి 76 వేల యూనిట్ల కరెంటు కూడా మట్టిలో పోస్తోందన్నమాట. సుస్థిర పట్టణాభివృద్ధి అని మీ ట్రైనింగుల్లో చెబుతారే, నీళ్ల సెక్షన్లో ఉన్న నీకు అది ఈ 76 వేల యూనిట్లే. కాబట్టి నీ ప్రాజెక్టుకు మొదటి లక్ష్యం కారుడు పట్టడం అని రాసుకో. ఇంటింటి మీటర్లు, మొబైల్ యాప్‌లు తర్వాత.

ఊరంతా ఒకేసారి పట్టుకోకు. ఒక్క ఓవర్‌హెడ్ ట్యాంకు ఎంచుకో. దాని కింది వీధులు దాని నీళ్లే వాడాలి, పక్క ట్యాంకు నీళ్లు అందులోకి రాకూడదు, అందులోవి బయటికి పోకూడదు. దీన్నే డీఎంఏ, డిస్ట్రిక్ట్ మీటర్డ్ ఏరియా, అంటారని నువ్వు చదివే ఉంటావు. చదవడం సులువే, సరిహద్దు వాల్వులు నిజంగా మూసుకుంటున్నాయో లేదో చూడటమే కష్టం. ఒక్కోటి నీ ఎదుట తిప్పించు. పూర్తిగా బిగించామని చెప్పినవాటిలో కొన్ని లోపల అరిగిపోయి నీళ్లు వదులుతూనే ఉంటాయి. అన్నీ సరిచేశాక ట్యాంకు అవుట్‌లెట్ మీద ఒక మంచి ఫ్లో మీటరు పెట్టించు. మొదటి నెలకు అంతకంటే సామాను అక్కర్లేదు.

తర్వాత రాత్రి రెండింటికీ నాలుగింటికీ మధ్య ఆ మీటరు చూడు. వంటలుండవు, స్నానాలుండవు, ఊరు నిద్రలో ఉంటుంది. ఆ వేళప్పుడు కూడా మీటరు తిరుగుతోందంటే అందులో ఎక్కువ భాగం కారుడే. ప్రపంచంలో నీళ్ల పని బాగా చేసే ఊళ్లన్నీ ఈ రాత్రి లెక్క చూసుకుంటాయి. కాకపోతే మన ఊళ్లలో ఒక చిక్కుంది. పొద్దున గంట, సాయంత్రం గంట వదిలి మిగతా వేళంతా పైపులు ఖాళీగా పెడతాం. కాబట్టి నీ పరీక్ష కోసం వరసగా మూడు రాత్రులు ప్రత్యేకంగా నీళ్లు వదలాల్సి ఉంటుంది. ముందురోజే ఆటోలో మైకు పెట్టించి చెప్పించు, కుళాయిలు కట్టేసుకోమని. మొదటి రాత్రి సంపులన్నీ నిండుతాయి, ఆ రీడింగు దేనికీ పనికిరాదు. రెండో రాత్రి కొంత తేలుతుంది. మూడో రాత్రి వచ్చే అంకె నమ్మదగ్గది. అప్పుడు వీధివారీగా ఒక్కో వాల్వు మూయిస్తూ, మూసినప్పుడల్లా మీటరు ఎంత పడిందో రాసుకో. ఏ వీధి మూసినప్పుడు దబ్బున పడిందో కారుడు ఆ వీధిలో ఉంది.

నేను డీఈగా ఉన్న ఒక ఊళ్లో ఇలాగే ఒక రాత్రి, మంచి చలికాలం. వీధి తెలిసింది, చోటు తెలియలేదు. మా పెద్ద టర్న్‌కాక్, అంటే వీధుల్లో వాల్వులు తిప్పే మనిషి, తలకు తువ్వాలు చుట్టుకుని సౌండింగ్ రాడ్ తీశాడు. మనిషెత్తు ఇనుప కడ్డీ, అంతే. ఒక కొస వాల్వు స్పిండిల్ మీద పెట్టి, రెండో కొస చెవికి ఆనించి కళ్లు మూసుకున్నాడు. కుక్కలు మొరుగుతున్నాయి, చెయ్యెత్తి మమ్మల్ని మాట్లాడొద్దన్నాడు. "ఇక్కడ కాదండి, ఇంకా కిందికి." ముందుకు నడిచి ఒక ఇంటి కుళాయి మీద పెట్టాడు, ఇంకో ఇంటి కుళాయి మీద పెట్టాడు. నాలుగో ఇంటి దగ్గర ఆగి కడ్డీ నా చేతికిచ్చాడు. చెవి ఆనించాను. కాలిన పెనం మీద నీళ్లు చిలకరిస్తే వచ్చే చప్పుడు, అది ఆగకుండా వస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. తెల్లారాక తవ్వితే, ఫెర్రూల్ దగ్గర, అంటే మెయిన్ పైపుకు ఇంటి పైపు తగిలించే చోట, ఇంటి కనెక్షన్ ఊడిపోయి ఉంది. నీళ్లు పైకి ఒక్క చుక్క రాకుండా మురుగు కాల్వ గోడ సందులోంచి లోపలికి పోతున్నాయి. పైన మట్టి పొడిగా ఉంది. ఆ కాల్వలో మండు వేసవిలో కూడా తేటనీరు పారుతుండటం వీధిలో అందరూ చూశారు, మేమూ చూశాం, ఎవరికీ అనుమానం రాలేదు.

అప్పటి నుంచి ఒక అలవాటు చేసుకున్నాను, నువ్వూ చేసుకో. సంచిలో క్లోరోస్కోపు, ఓటీ ద్రావణం సీసా, నీళ్లలో క్లోరిన్ ఉందో లేదో రంగుతో చూసే సామాను, ఎప్పుడూ పెట్టుకో. ఎక్కడైనా కాల్వలో, గుంటలో కారణం లేకుండా తేటనీరు కనబడితే పట్టి చుక్కలు వేసి చూడు. పసుపు రంగు తిరిగిందంటే అవి మన క్లోరిన్ నీళ్లే. మురుగు కలిస్తే క్లోరిన్‌ను తినేస్తుంది కాబట్టి, రంగు రానంత మాత్రాన మన నీళ్లు కావని కొట్టిపారేయకు.

ఇక నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. రాయడం కష్టంగానే ఉంది, కానీ నీకు ఉపయోగపడేది అదే. ఇంకో ఊళ్లో మొట్టమొదటి స్కాడా పెట్టినప్పుడు నేనే ఇన్‌చార్జిని. ఊరి పేరు, పని చేసినవాళ్ల పేరు నీకు అక్కర్లేదు. తెర మీద ప్రతి ట్యాంకు నీలంగా నిండుతూ దిగుతూ ఉంటే చూడటానికి ఎంతో బాగుండేది. ఊరి చివర ఒక కాలనీ నుంచి నీళ్లు రావట్లేదని అర్జీ వచ్చింది. తెర చూశాను. ఆ జోన్‌కు రావలసినదానికంటే ఎక్కువే పోతోంది. "సరఫరా సక్రమంగా ఉన్నది" అని రాసి సంతకం పెట్టాను. నెల తర్వాత మళ్లీ అర్జీ, మళ్లీ అదే జవాబు. మూడోసారి ఒక పెద్దావిడ ఆఫీసుకే వచ్చి, ఏమీ అనకుండా, తనతో రమ్మంది. వెళ్లాను. సరిగ్గా నీళ్లు వదిలే టైము. బిందె పెట్టి కుళాయి తిప్పింది. తుప్పు రంగులో రెండు గరిటెల నీళ్లు వచ్చి, గాలి చప్పుడుతో ఆగిపోయింది. అప్పుడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని అరచేతిని కుళాయి మూతికి ఆనించింది. కుళాయి నా చేతిని లోపలికి లాగింది.

ఆ లాగుడు ఇప్పటికీ నా అరచేతిలో ఉంది మానసా. పై వీధుల్లో ఇళ్లవాళ్లు కనెక్షన్‌కే మోటార్లు బిగించి లాగేస్తుంటే చివరి ఇళ్లలో కుళాయి నీళ్లివ్వడం మాని గాలి పీలుస్తోంది. పైపు పగుళ్ల పక్కన మురుగు ఉంటే దాన్నీ పీలుస్తుంది. పచ్చకామెర్లు, విరేచనాలు ఒక వీధినే పట్టుకున్నాయంటే కారణం చాలాసార్లు ఇదే. ఆఫీసుకు వచ్చి ఫ్లో మీటరు దగ్గరికి దిగాను. 300 మిల్లీమీటర్ల పైపు. అలాంటి అయస్కాంత మీటరుకు ముందు కనీసం ఐదు వ్యాసాల పొడవు, అంటే మీటరున్నర, వంపూ వాల్వూ లేని తిన్నని పైపు ఉండాలి. దీన్ని చాంబర్లో చోటు లేక సరిగ్గా వాల్వును ఆనించి బిగించారు. సుడి తిరిగే నీళ్లను అది కొలుస్తోంది. ట్యాంకు ఇన్‌లెట్ మూయించి, గంటలో నీటిమట్టం ఎన్ని సెంటీమీటర్లు దిగిందో కర్రతో కొలిచి, ట్యాంకు వైశాల్యంతో గుణిస్తే అసలు పోయిన నీళ్లు తేలాయి. మీటరు చెప్పినదానికంటే చాలా తక్కువ. గంట పని. పని అప్పగించుకున్న రోజే చేసి ఉండాల్సింది. ఆ కాలనీవాళ్లు రెండు నెలలకు పైగా నా సంతకం వల్ల తిప్పలు పడ్డారు.

కాబట్టి ఏ మీటరునైనా ఈ డ్రాప్ టెస్టు చేయకుండా స్వీకరించకు, బిల్లు మీద సంతకం పెట్టకు. ఏడాదికోసారి మళ్లీ చెయ్యి. పీడనం సెన్సార్లను ట్యాంకు దగ్గర పెట్టడానికి కాంట్రాక్టర్లు ఇష్టపడతారు, కరెంటు ఉంటుంది, పని సులువు. నువ్వు మాత్రం అందరికంటే చివర ఉన్న ఇంటి దగ్గర, అందరికంటే మెరక మీద ఉన్న ఇంటి దగ్గర పెట్టించు. అక్కడ 7 మీటర్ల పీడనం ఉంటే ఒక అంతస్తు ఇంటికి నీళ్లెక్కుతాయి. క్లోరిన్ కూడా అక్కడే చూడాలి, లీటరుకు 0.2 మిల్లీగ్రాములైనా మిగలాలి.

జీఐఎస్ మ్యాపు గురించి అడిగావు. పాత డ్రాయింగులు స్కాన్ చేసి ఇచ్చేస్తే మ్యాపు అయిపోయిందని వాళ్లంటారు, ఒప్పుకోకు. డ్రాయింగులో ఒకటి, భూమిలో ఒకటి ఉంటుంది. ఏసీ (ఆస్బెస్టాస్ సిమెంటు) పైపు అని రాసిన చోట ఎప్పుడో సీఐ (పోత ఇనుము) ముక్క వేసి అతికి ఉంటారు. రోడ్డు వేసినప్పుడల్లా వాల్వు చాంబర్ల మూతల మీద తారు పడి, మూడు పొరల కింద వాల్వు ఉందన్న సంగతే మరుగునపడుతుంది. అవన్నీ ఎక్కడున్నాయో ఒక్కరికే తెలుసు, మీ పాత టర్న్‌కాక్‌కు. రామాలయం ధ్వజస్తంభం నుంచి తూర్పుగా పన్నెండు అడుగులు, ఫలానా కిరాణా కొట్టు మెట్టు ఎదురుగా, అని ఆయన మనసులో ఉంటుంది. ఆయన రిటైరయ్యేలోపు నీ మొదటి పని, రోజూ పొద్దున రెండు గంటలు ఆయన వెంట నడవడం. ఆయన చూపించిన ప్రతి వాల్వు దగ్గర నిలబడి ఫోన్లో లొకేషన్ పట్టు, ఎన్ని తిప్పులకు మూసుకుంటుందో, ఎటు తిప్పితే మూసుకుంటుందో రాయి. ఎడమకు మూసుకునేవి కొన్ని ఉంటాయి, తెలియక కొత్తవాళ్లు విరగ్గొడతారు. పక్క గోడ మీద రంగుతో గుర్తు వేయించు. ఆయన్ను ఏమని పిలుస్తావో నాకు తెలియదు గానీ, బాబాయ్ అనో పెద్దాయనా అనో పిలువు. పేరు పెట్టి పిలిచి, నువ్వు అని మాట్లాడకు. నీకంటే ఇరవై ఐదేళ్లు ముందు ఆ గుంటల్లో దిగినవాడు.

టెండరు కాగితాలు ఇంకా ఖరారు కాలేదన్నావు, అదృష్టం. ఇక్కడ జాగ్రత్తపడితే తర్వాత సగం కష్టం తప్పుతుంది. బిగించే ఖర్చు ఒక్కటే అడగొద్దు, ఐదేళ్లు నడిపే బాధ్యత కూడా అదే కాంట్రాక్టులో ఉండాలి. సొమ్ములో మంచి భాగం ఆ ఐదేళ్లలో విడతలుగా, సెన్సార్లు నిజంగా పనిచేసిన రోజుల్ని బట్టి ఇచ్చేలా రాయించు. నేను చూసిన సెన్సార్లలో చెడిపోయి ఆగినవి తక్కువ. బ్యాటరీ అయిపోయి కొత్తది కొనే పద్దు లేక ఆగినవి, లోపలి సిమ్ కార్డుకు రీచార్జి ఎవరు చేయించాలో తేలక ఆగినవి ఎక్కువ. రీచార్జి ఎవరిదో ఒక వాక్యం రాయించు. వానాకాలం చాంబర్లు నిండిపోతాయి కాబట్టి నీళ్లలో మునిగినా పనిచేసే రకమే కావాలని, పిడుగు పడితే కాలిపోకుండా సర్జ్ రక్షణ ఉండాలని అడుగు. ఇంకో సంగతి, డేటా ఎవరిది? పాస్‌వర్డులు మున్సిపాలిటీ చేతిలో ఉండాలి, రీడింగులన్నీ మామూలు ఫైలుగా దించుకునే వీలుండాలి. లేకపోతే కంపెనీ మారిన రోజున ఐదేళ్ల లెక్క చేజారిపోతుంది. పక్క కంపెనీ మీటరు కూడా అదే సాఫ్ట్‌వేర్‌లో కలిసేలా ఉండాలని పట్టుబట్టు. కుదరదంటారు, కుదురుతుంది.

ఇంటింటి స్మార్ట్ మీటర్ల సంగతి. ఎవరితో మొదలుపెడతావన్నదాన్ని బట్టే జనం నిన్ను నమ్ముతారా లేదా అన్నది తేలుతుంది. పేదల కాలనీలో గొడవ చేసేవాళ్లుండరని అక్కడ మొదలుపెట్టమని సలహా ఇస్తారు. వినకు. లాడ్జీలు, ఫంక్షన్ హాళ్లు, పెద్ద అపార్టుమెంట్లు, ప్రైవేటు ఆస్పత్రులు, మన సర్కారు ఆఫీసులు, మీ మున్సిపల్ ఆఫీసు కూడా, వీటికి ముందు పెట్టు. కంబోడియాలో నామ్‌పెన్ అని రాజధాని ఉంది. యుద్ధాలతో చితికిపోయిన ఊరు. 1993లో ఎక్ సోన్ చాన్ అనే ఇంజినీరు అక్కడి నీళ్ల సంస్థ పగ్గాలు పట్టేనాటికి శుద్ధి చేసిన నీళ్లలో 72 శాతం లెక్కలేకుండా పోయేవి. ఆయన అందరికీ మీటర్లు పెట్టాడు, బిల్లు కట్టని పెద్దల కనెక్షన్లు కోశాడు. ఒక సైనికాధికారి ఇంటి కనెక్షన్ కోయడానికి వెళ్తే ఆ అధికారి ఈయన తలకు తుపాకి గురిపెట్టాడట. అయినా వెనక్కి తగ్గలేదు. కారుడు కట్టే బృందాల్ని రాత్రింబవళ్లు సిద్ధంగా ఉంచాడు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ నష్టం ఆరు శాతం దరిదాపులకు వచ్చింది. 2006లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారం ఇచ్చారు. మనకంటే బీద దేశంలో, మనకంటే తక్కువ సామానుతో చేసిన పని అది. పెద్దల కనెక్షన్ కోసే రోజున నిన్ను కూడా ఎవరో ఒకరు బెదిరిస్తారు. ఒంటరిగా వెళ్లకు, కమిషనర్ గారి రాతపూర్వక ఆదేశం చేతిలో పెట్టుకుని వెళ్లు.

అంత దూరం ఎందుకు, మన పక్కనే పూరీ ఉంది. 2021 జులై నుంచి అక్కడ ఇరవై నాలుగ్గంటలూ కుళాయి నుంచి నేరుగా తాగే నీళ్లిస్తున్నారు. దేశంలో అలా చేసిన మొదటి నగరం అదే. సెన్సార్లు వాళ్లూ పెట్టారు. నాకు నచ్చింది మాత్రం జలసాథులు. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు ఇంటింటికీ వెళ్లి మీటరు చూస్తారు, నీళ్లు పరీక్షిస్తారు, బిల్లు వసూలు చేస్తారు, దానికి వాళ్లకు ప్రతిఫలం ముడుతుంది. మనకు మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాలు వార్డుల్లో ఉన్నాయి. మీ ఊళ్లో ఒక వార్డుకు ఇద్దరిని తీసుకుని మొదలుపెట్టు. చివరి ఇంటి కుళాయి ఎలా ఉందో తెర కంటే ముందు వాళ్లు చెబుతారు. వీలైతే కమిషనర్ గారిని అడిగి మీ పాత టర్న్‌కాక్‌ను, ఇద్దరు సంఘం సభ్యుల్ని వెంటబెట్టుకుని పూరీ వెళ్లి చూసి రా. రైల్లో రాత్రి ఎక్కితే పొద్దునకు దిగుతారు.

వీధిదీపాల సెక్షన్ నీది కాదు గానీ, అక్కడి నుంచి కూడా ఒకటి నేర్చుకోవచ్చు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు స్తంభాలు వేలకొద్దీ కూలిపోయాయి. తిరిగి వెలిగించేటప్పుడు ఊరంతా ఎల్ఈడీలు పెట్టారు, 90 వేలకు పైగా. పెట్టుబడి ఈఈఎస్‌ఎల్ అనే కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ పెట్టి, మిగిలిన కరెంటు డబ్బులోంచి ఏళ్ల తరబడి తిరిగి తీసుకునే ఒప్పందం. దీపం వెలిగితేనే పెట్టినవాడికి డబ్బు వస్తుంది కాబట్టి దీపం వెలగడం వాడికీ అవసరమే. పాత పంపుసెట్లు మార్చేటప్పుడు నువ్వూ ఇలాంటి ఒప్పందమే అడగొచ్చు. అక్కడే ముడసర్లోవ రిజర్వాయరు మీద 2 మెగావాట్ల తేలే సోలార్ ప్లాంటు కూడా ఉంది. మీ సమ్మర్ స్టోరేజి చెరువు మీద అలాంటిది పెడితే బాగుంటుందని నువ్వన్నావు. బాగుంటుంది, ఆవిరయ్యే నీళ్లు కూడా కొంత మిగులుతాయి. అయితే ముందు కారుడు తగ్గించు. ఎంత తక్కువ పంపు చేస్తే సరిపోతుందో తేలాక సోలార్ సైజు లెక్కగట్టు, ఖర్చు కలిసొస్తుంది.

విశ్వేశ్వరయ్య గారు 1903లో పుణె దగ్గర ఖడక్‌వాస్లా రిజర్వాయరుకు పెట్టించిన గేట్లు, వరద ఒక మట్టం దాటగానే వాటంతట అవే తెరుచుకునేవి, మట్టం దిగాక మూసుకునేవి. సెన్సారు లేదు, కంప్యూటరు లేదు. 1908 మూసీ వరదల తర్వాత హైదరాబాద్ కోసం ఆయన చేసిన ఆలోచనల్లోంచే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఏ మట్టానికి ఏం జరగాలో ఆయన ముందే తేల్చుకుని, తర్వాత గేటు బిగించాడు. నీ తెరకూ అదే వర్తిస్తుంది. ఏ అంకె వస్తే ఎవరు కదలాలో కాగితం మీద రాయి. చివరి ఇంటి దగ్గర పీడనం నాలుగు మీటర్లకు పడితే ఎవరికి ఫోన్ వెళ్లాలి, అతను ఎత్తకపోతే ఎవరికి, గంటలో ఎవరు వాల్వు దగ్గర ఉండాలి, ఫిట్టర్ దగ్గర ఆ సైజు కప్లింగ్ స్టాకులో ఉందా? రాత్రి షిఫ్టులో తెర ముందు కూర్చునే అబ్బాయికి ఫిట్టర్‌ను పంపే అధికారం ఉందా, లేక పొద్దున నువ్వు వచ్చేదాకా ఎర్ర లైటు చూస్తూ కూర్చోవాలా? ఆ అధికారం అతనికి ఇప్పించు. గుంట తవ్వడానికి పెట్రోలు డబ్బులు, కూలీ డబ్బులు అప్పటికప్పుడు చేతిలో ఉండేలా చిన్న ఇంప్రెస్టు అడిగి పెట్టించు. ఈ ఇంప్రెస్టు లేకే ఎన్నో కారుళ్లు మా ఆఫీసుల్లో ఫైళ్లుగా నెలలు గడిపాయి.

నా సౌండింగ్ రాడ్ అటక మీద నుంచి దించాను. గోనెపట్టాలో చుట్టి రేపు ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను, రసీదు ఫోటో పంపుతాను. ఆ చలి రాత్రి కారుడు పట్టిన మా పెద్ద టర్న్‌కాక్ రిటైరయిన రోజున నా చేతికిచ్చి వెళ్లినదే అది. కొంచెం తుప్పు పట్టింది, గుడ్డతో నూనె రాసి తుడువు. చెవికి ఆనించే కొసకు మెత్తగా ఉంటుందని గుడ్డ చుట్టకు, చప్పుడు చచ్చిపోతుంది. రోడ్డు మీద బండ్లు ఆగాక, పన్నెండు దాటాకే తియ్యి. మొదటి రాత్రి కారుడు లేదని తెలిసిన పైపు మీద పెట్టి పది నిమిషాలు విను, మంచి పైపు ఎలా ఉంటుందో చెవికి పట్టాలి. ఒక్కదానివే వెళ్లకు, టర్న్‌కాక్‌నూ ఇంకో ఫిట్టర్‌నూ తీసుకెళ్లు, టార్చి మరిచిపోకు, ఉన్ని మఫ్లరు చెవులకు కట్టుకుంటే వినబడదు, మెడకు చుట్టుకో.

మూడో రాత్రి రీడింగు వచ్చాక ఎన్నింటికైనా సరే ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

ఇట్లు,
మీ మామయ్య